గుండె ఆపరేషన్‌లో హార్ట్-లంగ్ మెషిన్ మీద చల్లబరిచిన పాపను మళ్లీ వేడెక్కించేటప్పుడు (రీవార్మింగ్) నిర్స్ (నుదుటి సెన్సర్ చూపే మెదడు ఆక్సిజన్ శాతం) 48కి పడితే ముందు ఏం చూడాలి?

బరంపురం_పంప్:
ఐదు నెలల పాప, 5 కిలోలు, వీఎస్‌డీ (గుండె కింది గదుల మధ్య రంధ్రం). పంప్ ఫ్లో నిమిషానికి 750 మి.లీ., మీన్ (సగటు) బీపీ 38. మొదటి నిర్స్ 66. 28 డిగ్రీలకు దించినంతసేపూ 75 పైనే ఉంది, వేడెక్కించడం మొదలెట్టాక రెండు వైపులా 48. ఫ్లో, బీపీ మారలేదు. ఆటోరెగ్యులేషన్ (బీపీ మారినా మెదడు తన రక్తప్రవాహాన్ని తానే సర్దుకోవడం) పోయిందనుకోవాలా? బీపీ పెంచే ఫినైలెఫ్రిన్ ఇచ్చేయొచ్చా?

పర్లాకిమిడి_మత్తు:
మందు తర్వాతండీ, ముందు గొట్టాలు. ఎస్‌వీసీ (తల, చేతుల రక్తాన్ని గుండెకు తెచ్చే పెద్ద సిర) కాన్యులా కాస్త మెలిపడినా తలలోని రక్తం కిందికి దిగదు. ముఖం ఉబ్బుతుంది, రిజర్వాయర్ (మెషిన్‌లో రక్తం చేరే తొట్టి) లెవెల్ జారుతుంది, మెడ లైన్‌లో సీవీపీ (సిరలోని పీడనం) 15 దాకా చూపించొచ్చు. 38లోంచి 15 పోతే మెదడుకు మిగిలేది 23. సర్జన్ కాన్యులా కొంచెం వెనక్కి లాగితే చాలు, అంకె లేస్తుంది. ఒక్కవైపే పడి ఉంటే ఆర్టీరియల్ కాన్యులా (ఒంట్లోకి రక్తం పంపే గొట్టం) మొన, తల తిప్పిన తీరు చూడాల్సి వచ్చేది.

తర్వాత గ్యాస్. స్వీప్ (మెషిన్‌లోని కృత్రిమ ఊపిరితిత్తికి పంపే గ్యాస్) ఎక్కువై రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 30కి దిగితే మెదడు నాళాలు బిగుసుకుంటాయి, 40కి తెచ్చుకోండి. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 25 కన్నా తక్కువుంటే రక్తం కలపండి. మత్తు పలచబడిందేమో కూడా.

బరంపురం_పంప్:
చలిలో పీహెచ్-స్టాట్ (కార్బన్ డయాక్సైడ్ కలిపే పద్ధతి), వేడిలో ఆల్ఫా-స్టాట్ (కలపని పద్ధతి) నడిపాం. దానివల్లేనా?

గుణుపురం_పెర్ఫ్యూజన్:
కొంత దానివల్లే. పీహెచ్-స్టాట్‌లో కలిపే కార్బన్ డయాక్సైడ్ మెదడు నాళాలను తెరిచి ఉంచుతుంది, పైగా చలికి మెదడు ఆక్సిజన్ తక్కువ వాడుతుంది. అందుకే ఆ 75ని నమ్ముకోవద్దు. మొదటి 66 నుంచే లెక్కేయండి: 20 శాతం తగ్గితే 53, మీరు అది దాటేశారు.

ఇక ఆటోరెగ్యులేషన్ సంగతి ఒక్క రీడింగ్‌తో తేలదు. బీపీ, నిర్స్ రెండింటికీ పది సెకన్ల సగటులు తీసి, గడిచిన ఐదు నిమిషాల సగటుల మీద కోరిలేషన్ (రెండూ ఎంతగా కలిసి కదులుతున్నాయో చెప్పే అంకె) కడుతూ పోవాలి. సున్నా దగ్గరుంటే మెదడు సర్దుకుంటున్నట్టు, 0.4 దాటి 1 వైపు పోతుంటే రక్తం బీపీ వెంటే నడుస్తున్నట్టు. కదలని బీపీతో ఈ లెక్క కట్టి లాభం లేదు. గొట్టాలు, గ్యాస్ సరిగ్గా ఉన్నాయనుకున్నాకే ఫినైలెఫ్రిన్ కిలోకి 1 మైక్రోగ్రామ్ ఇచ్చి మీన్ 45కి తెచ్చి చూడండి. నిర్స్ కూడా వెంట లేస్తే 38 ఆ పాపకు చాలడం లేదన్నమాట. పెద్దవాళ్ల 50 హద్దును మాత్రం పసిపిల్లలకు అంటగట్టకండి.

వేడి తొందరపెట్టొద్దు: మెషిన్‌లో వేడెక్కించే నీటికీ రక్తానికీ తేడా 10 డిగ్రీల లోపు, ఆర్టీరియల్ వైపు (పాపలోకి వెళ్లే రక్తం) 37 దాటకూడదు.

పర్లాకిమిడి_మత్తు:
ఇంకోటి. రాయగడ, కోరాపుట్ వైపు పిల్లలైతే సికిల్ పరీక్ష (ఎర్రకణాలు కొడవలిలా వంకరపోయే జబ్బుకు) ముందే చేయించండి. పాజిటివ్ వస్తే హెచ్‌పీఎల్‌సీలో (హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసే పరీక్ష) హిమోగ్లోబిన్ ఎస్ శాతం చూడకుండా 28కి దించొద్దు.