శోషించునా, శోషిల్లునా?

వెనక బెంచీ: ఇంటర్‌లో మా ఫిజిక్స్ మాస్టారు చెప్పిన వాక్యం రెండు రోజులుగా బుర్ర తింటోంది. "తాను ఏ రంగున వెలుగునో, ఎదురొచ్చిన వెలుగులో ఆ రంగునే..." చివర శోషించును అన్నారా, శోషిల్లును అన్నారా? ల్యాబ్‌లో సోడియం దీపం ముందు స్పిరిట్ దీపం వెలిగించి, మంటలో ఉప్పు వేశారు. గోడ మీద ఆ మంటకి నల్లగా నీడ పడింది! మంటకి నీడేమిటని నోళ్లు తెరిచాం. నీడ గుర్తుంది, క్రియ గుర్తులేదు.

నిఘంటువు పురుగు: మీరే "రంగునే" అన్నారుగా, ద్వితీయా విభక్తి వచ్చాక శోషిల్లు ఎలా కుదురుతుంది? శోభిల్లు, రాజిల్లు లాగా అది అకర్మకం, అంటే కర్మ తీసుకోదు.

వెనక బెంచీ: డౌటంతా ఆ "ను" దగ్గరేనండీ. "ఆ రంగే" అన్నారేమో!

నిఘంటువు పురుగు: అయితే శోషిల్లునే. రంగు తానే సొమ్మసిల్లిందన్నమాట. శుష్ అంటే ఎండడం, కంఠశోషలో ఉన్నదీ అదే. శోషించుకి పీల్చుకోవడం తర్వాత అంటుకున్న అర్థం.

కెమిస్ట్రీ మేడమ్: తడిని పీల్చకుండా ఎండబెట్టేదెలా? పైగా ఇక్కడ వెలుగు ఎండిపోవడం లేదు. సోడియం పరమాణువు 589 నానోమీటర్ల దగ్గర వెలుగు తీసుకుని, చాలావరకు నలుదిక్కులా వదిలేస్తుంది. మనవైపు నేరుగా రావాల్సింది తగ్గి వర్ణపటంలో నల్లగీత కనిపిస్తుంది. నిజానికి జంట గీతలు, 589.0, 589.6. సూర్యకాంతిలో వాటికి జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాన్‌హోఫర్ పెట్టిన గుర్తు "డి".

గుంటూరు కారం: 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణం నాడు ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ ఈ శోషణ గీతలు చూసింది మా గుంటూరులోనే!

కెమిస్ట్రీ మేడమ్: ఆయన చూసినవి మెరిసే గీతలండీ. సూర్యుడి అంచున లేచే జ్వాలలవి. ఉద్గారం, అంటే వెలుగు వెలువడటం.

గుంటూరు కారం: సరే, ఊరు మాత్రం మాదే.

పద్యాల పిచ్చి: సొమ్మసిల్లడమంటే గుర్తొచ్చింది. పోతన గజేంద్రుడికి "మూర్ఛ వచ్చె" గాని శోష రాలేదే?

నిఘంటువు పురుగు: ఛందస్సు కోసం అయ్యుంటుంది.

పద్యాల పిచ్చి: మాస్టారూ, మూర్ఛ అన్నా శోష అన్నా గురువు, లఘువే. ఆ పాదంలో యతి "ఠా"కీ "డ"కీ. కావాలనే మూర్ఛ అన్నాడు. శోషకి నీళ్లు చల్లితే లేస్తారు, మూర్ఛకి లేవరు. అక్కడేమో చుట్టూ నీళ్లే!

నిఘంటువు పురుగు: ఇది మీ సొంత వ్యాఖ్యానం.

పద్యాల పిచ్చి: అవును, సొంతమే.

వెనక బెంచీ: పాత క్లాస్‌మేట్‌కి ఫోన్ చేశాను. మాస్టారు "మింగును" అన్నారట.

నిఘంటువు పురుగు: ముందు "రంగునే"నా, "రంగే"నా?

వెనక బెంచీ: అది అడగలేదండీ.