పసుపు చారల కప్పచేప, ఎర్ర మచ్చల కప్పచేప ఒకటేనా?

ప్రశ్న: తీరవాసి, కొత్తపట్నం

మిత్రులకు నమస్కారం. మా ఊరి పడవ ఒడ్డుకు చేరినప్పుడు వలలో రొయ్యలతోపాటు ఒక వింత చేప కనిపించింది. అరచేతిలో ఇమిడేంత ఉంది. పసుపు ఒంటిపై నల్లని చారలు, చర్మమంతా గరుకైన నూగు, కాళ్ల వంటి రెక్కలు, పై పెదవికి కాస్త పైన సన్నని పుల్ల, దాని కొసన దూదిఉండ వంటి కుచ్చు ఉన్నాయి. ఫొటోలలో కనిపించే రంగురంగుల ‘ఆంటెన్నేరియస్ మాక్యులేటస్’ ఇదేనా? అది ఎలా ఉంటుంది, ఎక్కడ బతుకుతుంది?

జవాబు: సాగరప్రియ, నెల్లూరు

తీరవాసి గారూ, రెండూ కప్పచేపలే, తలపై పుల్ల కొసనున్న ఎరను ఆడించి వేటాడే ఆంగ్లర్ చేపల వర్గానివే. అయితే మీ వర్ణన ‘ఆంటెన్నేరియస్ హిస్పిడస్’కు సరిపోతుంది. మాక్యులేటస్ ఒళ్లంతా పులిపిర్లు ఉంటాయి. తెలుపు లేదా పసుపు ఒంటిపై ఎరుపు, నారింజ మచ్చలు వీపు మీదుగా కిందికి దిగుతాయి, రెక్కల అంచులకూ చాలాసార్లు అదే రంగు ఉంటుంది. దాని ఎర కుచ్చులా ఉండదు, అచ్చం చిన్న చేపపిల్లలా ఉంటుంది. ఆ ఎరను మోసే పుల్ల, వెనకనున్న రెండో ముల్లుకు దాదాపు రెట్టింపు పొడవుంటుంది. హిస్పిడస్‌లో రెండూ ఇంచుమించు సమానమే. అంత ఆడంబరమైన రంగు దాక్కోవడానికే అంటే మొదట నమ్మబుద్ధి కాదు గాని, ఎరుపు, పసుపు స్పాంజీల మధ్య కదలకుండా కూర్చున్నప్పుడు దాన్ని పోల్చుకోవడం కష్టం. చుట్టూ ఉన్న రంగును బట్టి కొన్ని వారాల్లో అది తన రంగును కూడా మార్చుకోగలదు. ఎర కదలికకు ఆశపడి దగ్గరికొచ్చిన చేపను రెప్పపాటు కన్నా తక్కువ సమయంలో మింగేస్తుంది.

జవాబు: పెన్నాతీరం, కోవూరు

నివాసం వల్ల కూడా సందేహం తీరుతుంది. మాక్యులేటస్ హిందూ, పసిఫిక్ మహాసముద్రాలలో అలల తాకిడి తక్కువగా ఉన్న పగడపు దిబ్బల దగ్గర, లోతు తక్కువ నీటిలో ఉంటుంది. ఇండోనేషియాలోని లెంబే జలసంధి దానికి ప్రసిద్ధి. మన దగ్గర పెన్నా వంటి నదులు తెచ్చే ఒండ్రుతో సముద్రపు నేల ఇసుక, బురదగా ఉంటుంది. హిస్పిడస్‌కు అటువంటి నేలే అనుకూలం.

మళ్లీ దొరికితే వెంటనే సముద్రపు నీళ్లున్న తొట్టిలో వేసి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. నీటిలో కుచ్చు విచ్చుకుంటుంది, చచ్చిన చేపలో రంగులు త్వరగా వెలిసిపోతాయి. ప్రాణంతో ఉంటే తిరిగి సముద్రంలో వదిలేయమని మనవి.