పొగగొట్టం పెట్టినవాడిదా, కప్పు వేసినవాడిదా? కన్నం దగ్గర ఇల్లు ఉరిస్తే జవాబు చెప్పేదెవరు?

చూరుకింద:
సంగతి ఇదండీ. పెంకుటింటి వెనక వసారాలో పిండివంటల పొయ్యి, కట్టెలతో నడిచేది. దానికి 8 అంగుళాల పొగగొట్టం కప్పులోంచి పైకి తియ్యాలి. మంగుళూరు పెంకు, తాటి వాసాలు, కోనసీమలో మామూలుగా ఉండేదే. ఫిట్టరు ఇచ్చిన అంచనా కాగితంలో "గొట్టం, టోపీ, బిగింపు" అని ఉంది. అడుగున చిన్నగా "సివిల్ పని యజమానిదే" అని రాశాడు. పెంకు మేస్త్రిని అడిగితే "ఆ కన్నం నేను పెట్టేది కాదు, నన్ను లాగకండి" అన్నాడు. ఎవరికి వారే యమునా తీరే. తొలకరి లోపు తేల్చుకోవాలి. ఈ పని ఎవరిదంటారు?

కొప్పుపెంకు:
కన్నం పెట్టినవాడే మూయాలి. ఇందులో చర్చేముందండీ? పెంకుకప్పులో ప్రతి పెంకూ రీపరు మీద వేలాడుతూ కింది పెంకు మీదకి ఎక్కి ఉంటుంది. నీళ్ళు ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి జారి చూరు దాకా పోతాయి. అందులో నాలుగు పెంకులు పీకి, గొట్టం దూర్చి, చుట్టూ తట్టెడు సిమెంటు మెత్తి దిగిపోతారు. ఎండాకాలం అంతా బాగానే ఉంటుంది. మొదటి వాన కూడా ఆగుతుంది. ఆ తర్వాత గొట్టానికీ సిమెంటుకీ మధ్య వెంట్రుక మందాన చీలిక వస్తుంది. అప్పుడు మేస్త్రి కావాలి!

పొగగొట్టం:
సిమెంటు మెత్తడం తప్పే, దాన్ని వెనకేసుకు రావడం లేదు. కానీ రెండో వైపు కూడా చూడండి. నలభై ఏళ్ళ నాటి పెంకు మీద మనిషి కాలు పెడితే ఎన్ని విరుగుతాయో మీకు తెలీదా? కొప్పు దగ్గర ఎప్పుడో పగిలిన పెంకులోంచి దిగిన నీళ్ళు వాసం పట్టుకుని జారి వచ్చి, వాసం ఆగిన చోట, అంటే గొట్టం దగ్గర చుక్కలు పడతాయి. యజమాని తలెత్తి చూస్తే కనపడేది గొట్టమే. వెంటనే ఫోను మాకే. కప్పు మొత్తానికి పూచీ ఇమ్మంటే ఎవడిస్తాడు? ఫిట్టరు చదువు పొగది. పొయ్యి రాజుకోవాలి, పొగ ఇంట్లోకి తన్నకూడదు. ఆ రెండూ చూస్తాడు.

సివిల్_అమలాపురం:
మీ ఇద్దరూ ఒకే పని అనుకుంటున్నారు గానీ అవి రెండు పనులు. ముందు సిమెంటు ఎందుకు చీలుతుందో చూద్దాం. 10 అడుగుల ఇనప గొట్టం 200 డిగ్రీలు వేడెక్కితే సుమారు 7 మిల్లీమీటర్లు పొడవు సాగుతుంది. కింద పొయ్యి మీద ఆని ఉంటుంది కాబట్టి సాగిందంతా పైకే. పొయ్యి ఆరగానే మళ్ళీ దిగుతుంది. రోజూ ఇలా ఎక్కి దిగే గొట్టాన్ని కదలని సిమెంటుతో కప్పుకి అతికిస్తే, చీలకుండా ఏదీ ఆపలేదు. మేస్త్రి మంచివాడైనా, సిమెంటు మంచిదైనా అంతే.

అందుకే అక్కడ రెండు భాగాలుండాలి. ఒకటి ఫ్లాషింగు. రేకుతో చేసిన పళ్ళెం, మధ్యలో పైకి లేచిన గరాటు. ఇది కప్పుకే బిగుస్తుంది, గొట్టాన్ని తాకదు. గరాటు నోరు గొట్టం కన్నా అంగుళం వెడల్పు. రెండోది కాలరు. గొట్టానికి పట్టీలా బిగించి, గరాటు నోటి మీదకి గొడుగులా వాలి ఉంటుంది. గొట్టం పైకీ కిందకీ ఆడితే కాలరు దానితో ఆడుతుంది, ఫ్లాషింగు కదలదు. మధ్యలో ఏదీ అతికి ఉండదు కాబట్టి చీలడానికి అక్కడ ఏమీ లేదు.

ఇక బాధ్యత తేలిపోయినట్టే. కాలరు, దాని పైన ఉన్నదంతా గొట్టం మనిషిది. ఫ్లాషింగు, దాని చుట్టూ పెంకూ కప్పు మనిషిది.

కొప్పుపెంకు:
బాగుంది సారూ. మరి ఆ పళ్ళెం చేసేదెవరు? పెంకు మేస్త్రి రేకు పని చెయ్యడు. ఇప్పుడు రేకు పని మనిషి మూడోవాడొచ్చాడు. ఇద్దరు కొట్టుకునే చోట ముగ్గురయ్యారు.

సివిల్_అమలాపురం:
చేసేది ఎవరైనా కావచ్చు. కొలత ఫిట్టరు ఇవ్వాలి, బిగింపు పెంకు మేస్త్రి చెయ్యాలి. 8 అంగుళాల గొట్టానికి, 30 డిగ్రీల వాలు కప్పుకి పళ్ళెం ఇలా: పై వైపు 12 అంగుళాలు పై వరస పెంకుల కిందకి దూరాలి. పక్కలకి 7 అంగుళాల చొప్పున, అంచు అర అంగుళం పైకి మడిచి గట్టులా. కింది వైపు 8 అంగుళాలు, కింది వరస పెంకుల మీదకి రావాలి. పైన పెంకు కిందకి, కింద పెంకు మీదకి. ఈ ఒక్కటి తిరగేసి వేస్తే ఎంత సిలికాను (సందులు పూడ్చే జిగురు) పూసినా దండగే. నాలుగు వైపులా పెంకు మీదే రేకు పరిచి అంచులకి సిలికాను కొట్టడం మనవాళ్ళకి అలవాటు. పై అంచు దగ్గరే నీళ్ళు లోపలికి దూరతాయి.

పొగగొట్టం:
సారు లెక్కలో ఒకటి తప్పింది. నీళ్ళ గొడవలో పడి నిప్పు మరిచిపోయారు. తాటి వాసాల మధ్యలోంచి ఒంటిపొర గొట్టం పోనిస్తారా? ఒంటిపొర అయితే కర్రకి 18 అంగుళాల దూరం కావాలి. వాసాల మధ్య అంత చోటెక్కడ? కప్పు దాటే చోట రాతిఊలు (వేడిని ఆపే రాతి పీచు) నింపిన జంటగొట్టమే వెయ్యాలి. దానికి కర్రకీ మధ్య కనీసం 2 అంగుళాల ఖాళీ, తయారీదారు ఎక్కువ చెబితే అంత. లోపలి గొట్టం 8, చుట్టూ అంగుళం ఊలు, అంటే బయటికి 10 అంగుళాలు. గరాటు నోరు 11. వాలు కప్పులో ఆ కన్నం కోలగా దాదాపు 13 అంగుళాలు వస్తుంది. పళ్ళెం 33 అంగుళాల పొడవు, 25 వెడల్పు ఉండాలి. ఆ రెండంగుళాల ఖాళీలో ఎండు తాటి పీచో పాత గోనె సంచో కుక్కి "గాలి రాకుండా" అని చేసే మహానుభావులున్నారు. అక్కడ ఏమీ కుక్కకూడదు.

ఇంకొకటి. కప్పు దాటాక గొట్టంలో జోడు ఉండకూడదు, పైకి ఒకటే ముక్క. లోపల మాత్రం పై గొట్టం చివర కింది గొట్టంలోకి దిగాలి. అప్పుడే లోపల కారే మసి నీరు గొట్టంలోనే కిందకి పోతుంది. అదే పద్ధతి బయట చేస్తే జోడు నోరు పైకి తెరిచి ఉండి వాన పట్టేస్తుంది. ఇది పూర్తిగా ఫిట్టరు తప్పు కిందే లెక్క, ఒప్పుకుంటా.

సివిల్_అమలాపురం:
ఒప్పుకున్నాను, 18 అంగుళాల సంగతి వదిలేశాను. ఊలు గొట్టం అయితే బయటి పొర అంతగా సాగదు. కానీ గాలికి ఊగుతుంది కాబట్టి కాలరు తప్పదు.

రేకుమేకు:
మీరంతా పెంకు గురించే మాట్లాడుతున్నారు. ఇటు రాజోలు, నరసాపురం వైపు కొత్త వంటశాలలన్నీ కలర్ రేకులే. అక్కడ పళ్ళెం బదులు రబ్బరు బూటు దొరుకుతుంది, చక్కగా సరిపోతుంది. కానీ నల్ల ఈపీడీఎం (ఒక రకం రబ్బరు) బూటు కట్టెపొయ్యి గొట్టానికి వెయ్యకండి, 100 డిగ్రీలు దాటి నిలకడగా కాగితే గట్టిపడి పగులుతుంది. ఎర్ర సిలికాను బూటు తేవాలి. కరెంటు చిమ్నీకి నల్లది చాలు. బూటు అడుగు చదరంగా ఉంటుంది కదా, దాన్ని మూల పైకి వచ్చేలా వజ్రం ఆకారంలో తిప్పి బిగించండి. తిన్నగా పెడితే పై అంచు దగ్గర నీళ్ళు కట్టేస్తాయి, ఆకు అలమూ వచ్చి అక్కడే చేరతాయి. కొబ్బరితోటలో ఇల్లయితే చెప్పనే అక్కర్లేదు.

పుల్లటి వాసన వచ్చే సిలికాను జింకు రేకుని తినేస్తుంది, సిమెంటుకి సరిగ్గా పట్టదు కూడా. న్యూట్రల్ అని రాసి ఉన్నదే కొనండి. సముద్రానికి దగ్గరైతే జీఐ (జింకు పూత ఇనుము) గొట్టం మీద ఆశ పెట్టుకోకండి. 200 డిగ్రీలు దాటితే జింకు పొర ఊడుతుంది, ఆపైన ఉప్పుగాలి. స్టెయిన్‌లెస్ స్టీలు 304 రకం తీసుకోండి, అంతర్వేది, ఓడలరేవు లాంటి చోట్లయితే 316.

పాత సిమెంటు రేకయితే గ్రైండరు పెట్టి కొయ్యనివ్వకండి. అందులో ఆస్బెస్టాసు ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. వీలైతే ఆ ఒక్క రేకే దించి, అక్కడ కలర్ రేకు వేసి కన్నం పెట్టడం మేలు.

గోడపక్క:
అసలు కప్పుకి కన్నం ఎందుకండీ? గోడలోంచి బయటికి తీసి, చూరు అవతల నిలువుగా లేపితే ఈ పంచాయితీయే ఉండదు.

పొగగొట్టం:
కరెంటు చిమ్నీకి అదే మంచిది. కట్టెపొయ్యికి రెండు 90 డిగ్రీల వంపులు వేస్తే పొగ వెనక్కి తంతుంది. 45 డిగ్రీల వంపులు వేసి, బయట నిలువు గొట్టం ఎత్తు పెంచితే నడుస్తుంది. కానీ బయట గొట్టం చల్లబడి పొగలోని తారు లోపల ఎక్కువ పడుతుంది, కాబట్టి అక్కడా ఊలు గొట్టమే. ఖర్చు తగ్గదు. చూరు దాటాలంటే గొట్టం గోడకి మూడడుగుల దూరం రావాలి, దానికి బ్రాకెట్లు వేరే.

లా_పాయింటు:
చూరుకింద గారూ, ఆ "సివిల్ పని యజమానిదే" అన్న ముక్కే మీ కొంప ముంచుతుంది. అది కొట్టేయించకుండా అడ్వాన్సు ఇవ్వకండి. డబ్బు తీసుకుని చేసిన పనిలో లోపం ఉంటే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు, గడువు రెండేళ్ళు. కానీ కమిషన్ ముందు అడిగే మొదటి ప్రశ్న "ఏ పని ఒప్పుకున్నాడు?" అనే. నోటిమాట అయితే మీరు ఓడినట్టే అనుకోండి. ఇంకో చిక్కు: పిండివంటలు అమ్మకానికైతే "వాణిజ్య అవసరం" అని ఎదుటివాడు వాదిస్తాడు. సొంత జీవనోపాధి కోసం స్వయంగా చేసుకునే పని అయితే ఆ వాదన నిలవదు.

కొప్పుపెంకు:
కమిషన్ దాకా ఎందుకండీ? నీళ్ళే చెబుతాయి తప్పెవరిదో. వాన లేని రోజు కూడా గోధుమరంగు చుక్క పడి పొగవాసన వస్తే అది గొట్టం లోపలి తారు, ఫిట్టరుది. రంగులేని తేటనీళ్ళు, గాలివానలోనే పడితే కాలరు చూడండి. గాలి లేని నిలువు వానలోనూ పడితే పళ్ళెం పై అంచు, అది నాది. వాన వెలిసిన గంట తర్వాత కూడా కారుతుంటే ఎక్కడో పైన పెంకు పగిలింది, వాసం పట్టుకు వస్తోంది.

గొట్టం ఊగినా సరే ఫిట్టరుదే. కప్పు మీద 5 అడుగులు దాటితే మూడు వైపులా తీగ లాగి కట్టాలి. 1996 నవంబరు తుపాను చూసిన ఊళ్ళో ఇది వేరే చెప్పాలా?

చూరుకింద:
అందరికీ థాంక్సండీ. కాగితం ఇలా రాయిస్తున్నాను. గొట్టం, కాలరు, టోపీ, లాగుతీగలు, కర్రకి దూరం: ఫిట్టరు. పళ్ళెం కొలత ఫిట్టరిది, అది బిగించి చుట్టూ పెంకు సర్దడం మేస్త్రిది. పని మొదలెట్టేముందు పెంకులన్నీ ఫోటో తీసి ఇద్దరిచేతా చూసినట్టు సంతకం. ఇద్దరూ ఒకే రోజు పైనే ఉండాలి. అయ్యాక పైప్‌తో కొప్పు వైపు నుంచి అరగంట నీళ్ళు పట్టి చూస్తాం. కొంత డబ్బు మొదటి గాలివాన దాకా ఆపుతాను. దీనికి మాత్రం ఇద్దరూ మొహం చిట్లించారు.

పొగగొట్టం:
చిట్లిస్తారు మరి, ఆయ్. ఎంత ఆపుతారో, ఏ తారీఖు దాకానో రాసెయ్యండి, అప్పుడు ఒప్పుకుంటారు. "వాన దాకా" అంటే ఎవడూ సంతకం పెట్టడు. పైప్ కొట్టేటప్పుడు కింద నుంచి పైకి కొట్టకండి, అలా చేస్తే ఏ పెంకుకప్పయినా ఉరుస్తుంది. టోపీకి సన్న వల పెట్టమని ఎవరైనా అంటే వద్దనండి, మసి పట్టి మూసుకుపోతుంది. పిట్టలు దూరకుండా కావాలంటే అర అంగుళం కన్నాల వల చాలు. అది కూడా నెలకోసారి దించి తోమాలి.