పట్టిక, గ్రాఫ్, కోడ్ అన్నీ ఒకే టెక్స్ట్ ఫైల్లో పెట్టుకోవడం సరైనదేనా?

వేరుశనగ_మడి:
అందరికీ నమస్కారం. నేల తేమ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. వేరుశనగ మడుల్లో వారం వారం మట్టి తీసి, 105 డిగ్రీల ఓవెన్లో 24 గంటలు ఆరబెట్టి, తగ్గిన బరువును బట్టి తేమ శాతం లెక్కకడతాం. రెండేళ్లుగా ఆ అంకెలన్నీ ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో ఒకే ఆర్గ్ ఫైల్లో (పట్టికలు, కోడ్ కూడా ఇమిడే మామూలు టెక్స్ట్ ఫైల్) రాస్తున్నాను. పట్టిక, దాని పైన గ్రాఫ్ ఎలా గీయాలో చెప్పే ఒక వరుస, కింద సూత్రం, ఇంకా కిందికి వస్తే పైథాన్ కోడ్. పట్టికలో కర్సర్ పెట్టి కంట్రోల్-సి, డబుల్ కోట్, జి నొక్కితే గ్నూప్లాట్ అనే గ్రాఫులు గీసే ప్రోగ్రామ్ బొమ్మ గీసి చూపిస్తుంది. కోడ్ మీద కంట్రోల్-సి రెండుసార్లు నొక్కితే జవాబు ఆ కిందనే వచ్చి పడుతుంది.

ఇప్పుడు మా ల్యాబ్‌లో అందరం జుపిటర్ నోట్‌బుక్‌కి (కోడ్‌ని గడులుగా రాసి ఒక్కో గడినీ బ్రౌజర్‌లో నడిపే పద్ధతి) మారాలంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఇది అలవాటు మీద మమకారమేనా, నిజంగా ఇందులో పస ఉందా? రెండువైపులా వాడినవాళ్లు చెప్పండి.

రాత్రి_షిఫ్టు:
మీ ల్యాబ్ వాళ్లు చెప్పేదే సరైనది అంటాను. మీ తర్వాత వచ్చే జూనియర్ ఆ ఫైల్ తెరవాలంటే ముందు ఈమ్యాక్స్ నేర్చుకోవాలి. నోట్‌బుక్ అయితే బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, గ్రాఫ్ అక్కడే కనిపిస్తుంది, షిఫ్ట్-ఎంటర్ ఒక్కటి తెలిస్తే చాలు. పరిశోధన నలుగురూ తిరిగి చేసి చూసుకునేలా ఉండాలి. ఒక్కరి చేతికే లొంగే పనిముట్టు ఎంత గొప్పదైనా ల్యాబ్‌కి పనికిరాదు.

ల్యాబ్_మాస్టారు:
రాత్రి_షిఫ్టు గారూ, ఈమ్యాక్స్ లేకుండా నడపడం కష్టమే, ఒప్పుకుంటాను. కానీ చదవడానికి ఈమ్యాక్స్ ఎందుకండీ? ఆర్గ్ ఫైల్ నోట్‌ప్యాడ్‌లో తెరిచినా అంకెలు అంకెల్లానే ఉంటాయి. నోట్‌బుక్ ఫైల్‌ని ఒకసారి నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. అదంతా జేసన్, అంటే ప్రోగ్రాములు చదువుకునే రూపం. గ్రాఫ్ బొమ్మ బేస్-64 అక్షరాలుగా మారి పేజీలకు పేజీలు ఆక్రమిస్తుంది. మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెడితే ఒక అంకె మారిందో, బొమ్మ మారిందో తేడా చూసి చెప్పలేం.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. నోట్‌బుక్‌లో ఐదో గడి నడిపి, వెనక్కి వెళ్లి రెండోది మార్చి, మళ్లీ ఐదోది నడుపుతాం. మధ్యలో చెరిపేసిన గడిలోని విలువ ఇంకా మెమరీలోనే ఉంటుంది. మర్నాడు మొదటినుంచి నడిపితే జవాబు వేరు. ఆర్గ్‌లో పైథాన్ గానీ ఆర్ అనే భాష గానీ రాస్తే, మనం సెషన్ (విలువలు గుర్తుంచుకుంటూ నడవడం) కావాలని అడిగితే తప్ప ప్రతి కోడ్ ముక్కా కొత్తగా మొదలై, పని ముగించి, వెళ్లిపోతుంది. పాత విలువ ఏదీ మిగలదు. దానికి ఏ పట్టిక కావాలో పేరుపెట్టి చెప్పాలి. ఆ క్రమశిక్షణ విద్యార్థులకు ఎంతో మేలు చేస్తుంది.

ఆర్గ్ ప్రోగ్రామర్ల కాలక్షేపానికి పుట్టింది కూడా కాదు. 2003లో ఆర్గ్ మొదలుపెట్టిన కార్స్టెన్ డొమినిక్ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఖగోళ శాస్త్రవేత్త. కోడ్ నడిపే భాగం, అంటే బాబెల్ గురించి ఎరిక్ షుల్టే, ఆయన సహచరులు 2012లో జర్నల్ ఆఫ్ స్టాటిస్టికల్ సాఫ్ట్‌వేర్‌లో రాసిందే, పరిశోధనను ఇతరులు తిరిగి చేసి చూసుకోవడం గురించి.

రాత్రి_షిఫ్టు:
మాస్టారూ, గిట్ ఇబ్బందికి మందుంది. జుపీటెక్స్ట్ పెట్టుకుంటే నోట్‌బుక్ కూడా మామూలు టెక్స్ట్‌గా దాచుకోవచ్చు. గడుల క్రమం విషయంలో మీ మాట నిజమే. నేనూ దాంతో దెబ్బతిన్నాను.

కానీ ఆర్గ్‌లో జవాబులు పాతబడవా? పట్టికలో అంకె మారిస్తే సగటు దానంతటది మారదు. కంట్రోల్-యు, కంట్రోల్-సి, స్టార్ నొక్కాలి, లేదా ఆ వరుస మొదట్లో హ్యాష్ గుర్తు పెట్టుకోవాలి. కోడ్ కింద ఉన్న బొమ్మ పోయిన నెలదా, ఇవాళ్టిదా చూసి చెప్పగలరా? ఈ విషయంలో ఎక్సెలే నయం. అంకె మారిన క్షణంలో అన్నీ మారతాయి.

ల్యాబ్_మాస్టారు:
ఎక్సెల్ మనం రాసినదాన్నే మార్చేస్తుంది కదండీ. జన్యువుల పేర్లను తేదీలుగా మార్చేస్తోందని 2020లో పేర్లు పెట్టే సంఘమే దిగివచ్చి, సెప్ట్-1ని సెప్టిన్-1 అని మార్చుకోవాల్సి వచ్చింది. పాతబడే విషయం మాత్రం మీరన్నట్టే ఉంది. నేను పీడీఎఫ్ తీసే ముందు ఫైల్ మొత్తం మళ్లీ నడుపుతాను. అది మరిచిపోతే మాత్రం తప్పు నాదే.

గోదారి_గట్టు:
ఎవరూ తెలుగు సంగతి ఎత్తలేదు. నేను ఊరి చెరువు నీటిమట్టం తెలుగులోనే రాస్తాను. ఆర్గ్ పట్టికలో తెలుగు మాట పడగానే నిలువు గీతలు మెట్లు మెట్లుగా జరిగిపోతాయి. మన అక్షరాల వెడల్పులు ఒకేలా ఉండవు, ఎడిటరేమో గళ్లు లెక్కపెట్టుకుంటుంది. వీఅలైన్ అనే ప్యాకేజీ పిక్సెళ్లు కొలిచి సర్దుతుంది, అది పెట్టుకున్నాకే కళ్లు తెరిపినపడ్డాయి. అక్షరాలు మాత్రం ఈమ్యాక్స్ 27లో అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ వచ్చాక చక్కగా అతుకుతున్నాయి.

గ్రాఫ్ దగ్గర గ్నూప్లాట్‌కే నా ఓటు. బొమ్మ రూపంగా పీఎన్‌జీ-కైరో ఎంచుకుని నోటో తెలుగు ఫాంట్ చెబితే "వర్షపాతం" అని ఒత్తుతో సహా పడుతుంది. పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్, నా దగ్గరున్న వెర్షన్లో ఒత్తు విడిపోయి పక్కన నిలబడింది. మా ఊళ్లోవాళ్లకి చూపించాల్సిన గ్రాఫ్ అది. ఇంగ్లీషులో వేస్తే ఎవరు చూస్తారు?

వేరుశనగ_మడి:
అందరికీ కృతజ్ఞతలు. రాత్రి_షిఫ్టు గారూ, మీ మాట మీద నా పాత పట్టికలన్నీ నిన్న రాత్రి తిరగేశాను. ఒకచోట నిజంగానే తప్పు దొరికింది. చూడండి:

| వారం | మడి-1 | మడి-2 | మడి-3 | సగటు |
|---|---|---|---|---|
| 1 | 10.4 | 9.3 | | 6.57 |
| 2 | 12.1 | 11.4 | 11.9 | 11.80 |

మొదటివారం మూడో మడి మట్టి చేజారి ఒలికిపోయింది, గడి ఖాళీగా వదిలేశాను. మామూలుగా ఆర్గ్ సగటు కట్టేటప్పుడు ఖాళీ గళ్లను వదిలేస్తుంది, 9.85 రావాలి. నేనెప్పుడో ఇంకో పట్టికలోంచి సూత్రం తెచ్చుకున్నప్పుడు దాని చివర ఈ, ఎన్ అనే రెండక్షరాలు కూడా వచ్చేశాయి. అవి ఉంటే ఖాళీ అంటే సున్నా. గ్రాఫ్‌లో ఆ వారం నేల ఎండిపోయినట్టు ఒక గొయ్యి పడింది. దానిమీద ఒక పేరా కూడా రాశాను! తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారుతోంది.

సూత్రం పట్టిక కిందే కళ్లెదుట ఉంది కాబట్టి ఐదు నిమిషాల్లో పట్టుకున్నాను. కళ్లెదుటే ఉన్నా రెండేళ్లు చూడలేదన్నది కూడా నిజమే.

రాత్రి_షిఫ్టు:
దొరికింది కదా, అదే పదివేలు. ఇంకొకటి అడగాలి. కోడ్ నడిపే ముందు "నడపమంటారా?" అని ఆర్గ్ ప్రతిసారీ అడుగుతుంది. విసుగొచ్చి మీలో ఎంతమంది దాన్ని ఆపేశారు? బయటనుంచి వచ్చిన ఆర్గ్ ఫైల్ తెరవడం చిన్న విషయం కాదు. లింకుల్లో దాచిన కోడ్ అడక్కుండానే నడిచే లోపాన్ని సరిచేయడానికి 2024 జూన్‌లో ఈమ్యాక్స్ 29.4 అత్యవసరంగా విడుదల చేశారు. పాత వెర్షన్లలో ఉన్నవాళ్లు దయచేసి మారండి.

ల్యాబ్_మాస్టారు:
నేను ఆపేశాను. ఇది చదివి ఇప్పుడే తిరిగి పెట్టాను.

వేరుశనగ_మడి:
ఇవాళ ఒక పని చేశాను. ఈమ్యాక్స్ ఎన్నడూ చూడని మా జూనియర్‌కి నా ఫైల్ ఇచ్చి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చున్నాను. పట్టికలు చదివి మూడో మడి గడి ఎందుకు ఖాళీగా ఉందని తనే అడిగింది, చాలా సంతోషమేసింది. గ్రాఫ్ దగ్గర ఆగిపోయింది. తన కంప్యూటర్లో గ్నూప్లాట్ లేదు. అది వేశాక ఈమ్యాక్స్‌లో దాని మోడ్ (రెండిటినీ కలిపే ప్యాకేజీ) లేదంది. ఆ రెండూ సర్దేసరికి మధ్యాహ్నం అయింది.

కాబట్టి కొలిచిన అంకెలు సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్‌గా) ల్యాబ్ ఫోల్డర్లో పెడతాను, నోట్‌బుక్ కావలసినవాళ్లు దాన్నే చదువుకుంటారు. ఆర్గ్ ఫైల్ వదలను. ఏమేం వేసుకోవాలో దాని మొదటి పేజీలోనే రాస్తున్నాను. గోదారి_గట్టు గారూ, వీఅలైన్ మీరు ఎలా అమర్చుకున్నారో కాస్త రాయగలరా? మడుల పేర్లు తెలుగులోకి మార్చాలని ఉంది.

రాత్రి_షిఫ్టు:
సీఎస్‌వీ వరకు నాకు సమ్మతమే. ఆ మొదటి పేజీ రాశాక ఇంకో జూనియర్‌కి ఇచ్చి, మీరు పక్కన లేకుండా చూడండి. మధ్యాహ్నం దాకా పట్టకపోతే మా టీమ్‌లో నేను కూడా ఒక ఫైల్ అలా రాసి చూస్తాను.