బ్యాండికూట్: మన పందికొక్కు ఇంగ్లీషులో ఎలా చేరింది?

కొత్త సభ్యుడు
ఇంగ్లీషులోకి తెలుగు నుంచి వెళ్లిన మాటల కోసం వెతుకుతుంటే బ్యాండికూట్ దగ్గర ‘తెలుగు పందికొక్కు నుంచి’ అని కనిపించింది. మూడు సందేహాలు. ప కాస్తా బ ఎందుకైంది? కొక్కు కూట్ ఎలా అయింది? తమిళం నుంచో కన్నడం నుంచో కాక తెలుగు నుంచే వెళ్లిందని ఏ ఆధారంతో అంటున్నారు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయగలరు.

పాత నిఘంటువు
చివరి ప్రశ్న తేలిక కాబట్టి అక్కణ్ణించే మొదలుపెడదామండీ. ఒక మాట ఎక్కడిదో తేల్చాలంటే ముందు పొరుగు భాషల్లో ఆ వస్తువుని ఏమంటారో చూడాలి. తమిళం, మలయాళాల్లో పెరుచ్చాళి. కన్నడంలో హెగ్గణ. హిందీ, మరాఠీల్లో ఘూస్. వీటిలో ఏదీ బ్యాండికూట్‌కి దరిదాపుల్లో లేదు. పందికొక్కు మాత్రం మొదటి, చివరి హల్లులు తప్ప మిగతా దాదాపు అంతా వరసగా కలుస్తుంది. యూల్, బర్నెల్ 1886లో వేసిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు కూడా దీన్ని తెలుగు మాటే అని చెప్పి, ‘పంది-ఎలుక’ అని అర్థం రాసింది.

తర్వాత చూడాల్సింది కాలం, చోటు. ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో కొట్టు తెరిచింది 1611లో. కోరమాండల్ తీరంలో యుద్ధం చేసి వెళ్లిన ఒక సైనికాధికారి 1789లో అచ్చువేసిన పుస్తకంలో ఈ మాట ఉంది. అయితే ఆయన దీన్నీ, కంపుకొట్టే చుంచునీ ఒకటే అనుకున్నాడు. జంతువు సరిగ్గా తెలియకపోయినా పేరు మాత్రం అప్పటికే దొరల నోళ్లలో నలుగుతోందన్నమాట.

వరిగట్టు
పేరులో పంది ఎందుకుందో చెప్తాను. ‘పందంత ఉంటుంది కాబట్టి’ అని చాలామంది రాస్తుంటారు, అది తప్పు. పెద్ద రకం బాగా బలిస్తే కిలో దాకా తూగుతుంది, అంతే. పంది పోలిక మూడు చోట్ల ఉంది. బెదిరినా, మూలకి తరిమినా పందిలాగే గురగురమంటుంది. వీపు మీద పొడుగాటి నల్లని బిరుసు వెంట్రుకలు ఉంటాయి, కోపం వస్తే అవి నిక్కుతాయి. మూతి మొద్దుగా, వెడల్పుగా ఉంటుంది. కొక్కు అంటేనే పెద్ద ఎలుక కాబట్టి, ముందు పంది చేర్చి రకం చెప్పారు.

వరిచేలో నష్టం చేసేది ఎక్కువగా చిన్న రకం. కలుగు వాకిట్లో తాజా మట్టి కుప్పగా పోసి, ద్వారం మూసేసి ఉంటుంది. వెన్నులు కొరికి లోపలి అరల్లో దాస్తుంది. ‘పందికొక్కుల్లా మేశారు’ అని అవినీతిపరుల్ని తిట్టేది అందుకే: తిన్నది కొంత, లోపల దాచింది ఇంకొంత.

శాస్త్రనామాలు కూడా చూడండి. పెద్దది బండికోటా ఇండికా, చిన్నది బండికోటా బెంగాలెన్సిస్. 1873లో గ్రే అనే జంతుశాస్త్రవేత్త ఈ ప్రజాతికి బండికోటా అని పేరు పెట్టాడు. లాటిన్ వేషం వేసిన మన పందికొక్కే అది.

పాత నిఘంటువు
ఇక ప బ అవడం. ఒక సన్నని కాగితం ముక్క పెదాల ముందు వేలాడదీసి ‘పంది’ అనండి, కాగితం దాదాపు కదలదు. ఇంగ్లీషువాడి చేత ‘పెన్’ అనిపించండి, కాగితం ఎగురుతుంది. వాళ్ల భాషలో మాట మొదట్లో వచ్చే ప వెంట గాలి విసురుగా వస్తుంది. ఆ విసురు లేని ప వాళ్ల చెవికి బ లాగే వినిపిస్తుంది. మనం పలికింది ప, వాళ్లు విన్నది బ.

కొత్త సభ్యుడు
అలాగైతే పల్లకి, పాండిచ్చేరి కూడా బ తో మొదలవ్వాలి కదండీ? ఇంగ్లీషులో అవి ప తోనే ఉన్నాయి.

పాత నిఘంటువు
మంచి ప్రశ్న. పల్లకి పోర్చుగీసు వాళ్ల మీదుగా పాలంక్విన్ అయింది, పాండిచ్చేరి ఫ్రెంచి వాళ్ల మీదుగా వెళ్లింది. ఆ రెండు భాషల్లో ప మన ప లాంటిదే, గాలి విసురు ఉండదు. అందుకని వాళ్లు ప గానే విని ప గానే రాశారు. ఇంగ్లీషువాడు ఆ రాతని చూసి నేర్చుకున్నాడు. పందికొక్కు మాత్రం నేరుగా చెవిలో పడింది.

ఇదేమీ తప్పని సూత్రం కాదు లెండి. తమిళ పందల్, అదే మన పందిరి, ఇంగ్లీషులో ప తోనే పండాల్ అని నిలిచింది. నా ఊహ ఒకటుంది, ఊహగానే తీసుకోండి. ఎద్దుబండిని మద్రాసు ఇంగ్లీషులో బ్యాండీ అనేవారు. అది మన బండే, తమిళంలో వండి. రోజూ ఆ మాట వినే చెవికి పంది కూడా బ్యాండీలా తోచడం కష్టమేమీ కాదు.

కొక్కు సంగతి అంతకంటే రుచికరం. ఇంగ్లీషు మాటలు మనలా పొట్టి ఉకారంతో ముగియవు, కాబట్టి చివరి ఉ రాలిపోవడం సహజం. అప్పుడు మిగిలేది కొక్. క చోట ట రావడానికి ధ్వనిపరంగా గట్టి కారణం లేదు. కానీ ఇంగ్లీషులో కూట్ అనే పక్షి ఉంది: నల్లటి నీటిపక్షి, నుదుట తెల్లమచ్చ. బ్యాండికూట్ చివర అక్షరం పొల్లుపోకుండా ఆ పక్షి పేరే ఉంది. తెలియని మాట తోకకి తెలిసిన మాట తగిలించుకున్నారనే నా నమ్మకం. దీన్నే లౌకిక వ్యుత్పత్తి అంటాం. థర్మామీటరుని మన ఊళ్లలో ధర్మామీటరు అనలేదూ? అదే పని.

ఊరికే అనడం లేదు, ఇంగ్లీషులో దీనికి రుజువులున్న ఉదాహరణలు బోలెడు. స్పానిష్ కుకరాచా కాక్‌రోచ్ అయింది. కాక్ అంటే కోడిపుంజు, రోచ్ అంటే ఒక చేప. బొద్దింకకి ఆ రెండిటితోనూ పని లేదు. పాత ఫ్రెంచి క్రెవీస్ క్రేఫిష్ అయింది, తోకకి చేప తగిలింది.

వరిగట్టు
అయితే మంగూస్ కూడా ఇదే బాపతా? చివర గూస్, అంటే బాతు జాతి పక్షి ఉంది.

పాత నిఘంటువు
సరిగ్గా అదే. అందుకే దాని బహువచనం మంగూసెస్, మంగీస్ కాదు. గూస్ బహువచనం గీస్ అని చదువుకున్న పిల్లలు పరీక్షల్లో తప్పు రాసేది ఇక్కడే. లోపల ఆ పక్షి లేదు, చెవి దాన్ని తెచ్చి కూర్చోబెట్టింది.

పుట్టుక విషయంలో మాత్రం తొందరపడొద్దు. హాబ్సన్-జాబ్సన్ ఇది తెలుగు మాట అంది. నేటి నిఘంటువులు మరాఠీ ముంగూస్‌ని చూపిస్తాయి, దాని వెనక మన ముంగిస లాంటి ద్రావిడ రూపం ఉందంటాయి. కాబట్టి ‘తెలుగు నుంచి నేరుగా వెళ్లింది’ అని రాయకూడదు. ‘మరాఠీ మీదుగా, ద్రావిడ మూలం’ అని రాస్తే నిలుస్తుంది.

గోడౌన్‌కీ ఇదే జాగ్రత్త కావాలి. గిడ్డంగి నుంచి వచ్చిందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. ఇంగ్లీషుకి దగ్గరి మూలం మలయ్ భాషలోని గుదాంగ్. ఆ మలయ్ మాట మన గిడ్డంగి, తమిళ కిడంగుల వైపు నుంచి వెళ్లి ఉండాలని పండితుల మాట. మధ్యలో సముద్రం దాటిన మెట్టుని ఎగరగొట్టకండి. అన్నట్టు, ఇక్కడా చెవి పని చేసింది: ‘గో’, ‘డౌన్’ రెండూ ఇంగ్లీషు మాటలే.

కొత్త సభ్యుడు
కాటమరాన్ చివర న ఉంది, మన మ్రాను లాగే. అది తెలుగేనా?

పాత నిఘంటువు
కాదండీ. నిఘంటువులన్నీ తమిళ కట్టుమరం అనే చెబుతాయి. మన తీరంలో జాలర్లు దాన్ని తెప్ప అంటారు. ఒక్క హల్లు పోలికతో తీర్పు చెప్పలేం.

దక్షిణార్ధగోళం
ఆస్ట్రేలియా వైపు కథ ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను. ఇక్కడ బ్యాండికూట్ అంటే ఎలుక కానే కాదు, కంగారూలా సంచిలో పిల్లని పెంచే జంతువు. 1799లో జార్జ్ బాస్ అనే అన్వేషకుడు దీన్ని ఆ పేరుతో రాశాడు. భారతదేశంలో స్థిరపడిన పేరుని, పోలిక చూసి వేరే జంతువుకి తగిలించారు. రెంటికీ చుట్టరికం లేదు. దీని మూతి సన్నగా, పొడుగ్గా ఉంటుంది. వెనక కాలి రెండో, మూడో వేళ్లు కలిసిపోయి ఉంటాయి. సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది, లేకపోతే తవ్వేటప్పుడు మట్టి పిల్లల మీద పడుతుంది. పొడుగు ముక్కు రకానికి గర్భం పన్నెండున్నర రోజులే. ‘క్రాష్ బ్యాండికూట్’ అనే వీడియో ఆట 1996లో వచ్చాక ప్రపంచమంతా ఎరిగింది ఈ జంతువునే.

తెలుగులోకి అనువదించేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ఆస్ట్రేలియా వార్తలో ‘అంతరించిపోతున్న బ్యాండికూట్‌లు’ అని ఉంటే ‘పందికొక్కులు’ అని రాసేస్తారు. చదివినవాడు ‘పోతే పోయాయి, పీడా విరగడైంది’ అనుకుంటాడు. అక్కడ బ్యాండికూట్ అనే ఉంచి, సంచి జంతువని ఒక్క మాట చేర్చాలి.

ఇంకొకటి, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. ఆస్ట్రేలియా ఇంగ్లీషులో బ్యాండికూట్ క్రియ కూడా. బంగాళాదుంప చేలో మొక్క పీకకుండా, పక్కనుంచి చెయ్యి పెట్టి దుంపలు మాత్రం తవ్వుకుపోవడాన్ని బ్యాండికూట్ చెయ్యడం అంటారు. పైన ఆకు పచ్చగానే నిలబడి ఉంటుంది, చేను గలాయన గట్టు మీద నుంచి చూస్తే ఏమీ పోయినట్టు ఉండదు.

వరిగట్టు
పందికొక్కు పడిన చేనూ అంతేనండీ. దూరానికి పచ్చగానే కనిపిస్తుంది, దిగి చూస్తే నడిమడిలో గుండ్రంగా దుబ్బులు కొరికేసి ఉంటాయి.