వయొలిన్ అచ్చుకు టెంప్లేట్: లేజర్‌తో కోయించాలా, ఆకురాయితో దిద్దుకోవాలా?

సైనిక్‌పురి సభ్యుడు:

నా మొదటి వయొలిన్‌ను లోపలి అచ్చు పద్ధతిలో, అంటే వయొలిన్ పక్క గోడలయ్యే పలుచని చెక్క పట్టీలను అచ్చు చుట్టూ వంచి కట్టే పద్ధతిలో, మొదలుపెట్టబోతున్నాను. ఆ అచ్చును గీసుకోవడానికి కావలసిన సగం ఒంపు టెంప్లేట్‌ను (మధ్యరేఖకు ఒక పక్క గీసి, తిప్పి రెండో పక్క గీసేది) 3 మి.మీ. యాక్రిలిక్‌పై లేజర్‌తో కోయించుకోమని ఒక మిత్రుడు అంటుండగా, రేకును చేత్తో దిద్దుకోనివాడికి వయొలిన్ ఒంపు ఎన్నటికీ పట్టుబడదని నాకు వడ్రంగం నేర్పిన మేస్త్రీ గారు అంటున్నారు. ఈ పని చేసినవారి అభిప్రాయం కోరుతున్నాను.

బాలానగర్ సభ్యుడు:

టూల్‌రూమ్‌లో పనిచేసేవాడిగా నేను లేజర్ వైపే మాట్లాడతాను. టెంప్లేట్‌లో దొర్లిన తప్పు అచ్చులోకి, అచ్చు నుంచి పక్క పట్టీల్లోకి పాకుతుంది. విదేశం నుంచి ఖరీదు పెట్టి తెప్పించుకున్న మేపుల్ చెక్క మీద ఆ తప్పు బయటపడితే ఇక దిద్దుకోవడానికి ఏమీ మిగలదు. చేతి పనితనం చూపడానికి మెడ చివరి చుట్ట, అదే స్క్రోల్, ఉంది, ముందు వెనుక పలకల ఉబ్బు చెక్కడం ఉంది. అచ్చు దగ్గర పంతం దేనికి?

పద్మారావునగర్ సభ్యురాలు:

బాలానగర్ సభ్యుడు గారు చెప్పిన కచ్చితత్వాన్ని నేను తక్కువ చేయను. అయితే లోపలి అచ్చు పద్ధతిలో అది వాయిద్యం దాకా చేరుతుందా అన్నదే నా సందేహం. అచ్చు అంచున ఆరు గూళ్లు కోసి, వాటిలో పై దిమ్మ, కింది దిమ్మ, నాలుగు మూల దిమ్మలు చుక్క జిగురుతో నిలబెట్టి, దాదాపు 1 మి.మీ. మందానికి పలుచన చేసిన పట్టీలను వేడి ఇనుముపై వంచి ఆ దిమ్మలకు అతికిస్తాం. పలకల అంచు గీతను టెంప్లేట్ నుంచి గీయం. పూర్తయిన పట్టీల చట్రాన్నే పలకపై పెట్టి, చుట్టూ రెండున్నర, మూడు మి.మీ. వెలుపలికి వచ్చేలా లోహపు వాషర్‌లో పెన్సిల్ పెట్టి తిప్పుతూ గీస్తాం. పట్టీ మందంలోను, వంపులోను, అతుకులోను వచ్చిన చిన్న తేడాలన్నీ ఆ గీతలో చేరతాయి కనుక, లేజర్ ఇచ్చిన పదోవంతు మిల్లీమీటరు కచ్చితత్వం అక్కడే కరిగిపోతుంది. ఫ్రాన్స్‌లోని మిర్‌కూర్ కార్ఖానాలలో వాడిన బయటి అచ్చు సంగతి వేరు. అందులో పట్టీ వెలుపలి ముఖం అచ్చుకే ఆనుతుంది, గీత ప్రతిసారీ ఒకే తీరుగా వస్తుంది. అలాంటి అచ్చుకు యంత్రం వాడతానంటే నేను అడ్డు చెప్పను.

చేత్తో దిద్దినందువల్ల నాకు ఏమి దక్కిందో చెబుతాను. రాణిగంజ్‌లో కొన్న ఒకటిన్నర మి.మీ. అల్యూమినియం రేకుపై బొమ్మ కాగితం అతికించి, గీతకు కాస్త వెలుపలగా సన్నరంపంతో కోసి, ఆకురాయితో గీత దాకా వచ్చాను. గీతకు సరిగ్గా వచ్చిన తర్వాత కూడా నడుము దగ్గర ఏదో తేడాగా అనిపించింది. కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని అంచు వెంబడి చూస్తే, పై మూల నుంచి నడుము ఒంపులోకి దిగేచోట గోరంత చదును కనిపించింది. స్కేలుకు అందని ఆ చదును బొటనవేలితో రాస్తే తగిలింది. ఆకురాయి నాలుగుసార్లు నడిపితే పోయింది. అప్పటి నుంచి ఏ వయొలిన్ చూసినా నా కన్ను ముందుగా అక్కడికే వెళుతుంది, ఆ చూపు రావడానికి వేరే దారి ఉందని నేను అనుకోను.

ప్రఖ్యాత వయొలిన్ తయారీదారు స్ట్రాడివారి వాడిన చెక్క అచ్చులను 1930లో జ్యుసెప్పే ఫియోరిని అనే వయొలిన్ తయారీదారు ఇటలీలోని క్రెమోనా నగరానికి ఇచ్చారు, అవి నేటికీ అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. వాటిపై వృత్తలేఖిని గుచ్చిన గుర్తులు కనిపిస్తాయి, కుడి ఎడమలు మాత్రం పూర్తిగా ఒకేలా ఉండవు.

లేజర్‌కు ఇచ్చే బొమ్మనైనా ముందు రెండు దిక్కులా కొలవండి. నేను ఒక దుకాణంలో తీయించిన ప్రింటు పొడవులో సరిగ్గా 355 మి.మీ. ఉన్నా, కింది వెడల్పు 208 ఉండవలసిన చోట 206.5 మాత్రమే వచ్చింది.

బాలానగర్ సభ్యుడు:

వాషర్ గీత విషయం ఒప్పుకుంటున్నాను. కానీ సగం టెంప్లేట్‌ను తిప్పి వేసేటప్పుడు ఆధారం మధ్యరేఖపై ఉండే రెండు పిన్ను రంధ్రాలే. చేతి డ్రిల్లుతో వేసిన రంధ్రం అర మిల్లీమీటరు పక్కకు జరిగితే, వెడల్పులో తేడా ఒక మిల్లీమీటరు అవుతుంది. కనీసం ఆ రంధ్రాలనైనా యంత్రానికి వదిలేయండి.

పద్మారావునగర్ సభ్యురాలు:

ఆ లెక్క సరైనదే, అందుకే నేను వరుస మారుస్తాను. ముందు గీత గీసి దానిపై రంధ్రం వేయను. మొదట రెండు రంధ్రాలు వేసి, వాటి నడిమధ్యల గుండా మధ్యరేఖను సూదితో గీసి, బొమ్మ కాగితంలోని మధ్యరేఖను దానికి కలిపి అతికిస్తాను. అప్పుడు రంధ్రం ఎటు జరిగినా రేఖ దానితోనే జరుగుతుంది.

సైనిక్‌పురి సభ్యుడు గారూ, టెంప్లేట్‌ను ఎలా చేసుకున్నా 15 మి.మీ. ప్లైవుడ్ అచ్చును మాత్రం లేజర్‌కు ఇవ్వకండి. అంత మందంలో అంచు మాడుతుంది, ఏటవాలుగానూ వస్తుంది. అచ్చు అంచు ముఖానికి నిట్టనిలువుగా లేకపోతే పట్టీలు వాలుతాయి, పట్టీల చట్రం పై గీత ఒకటి, కింది గీత మరొకటి అవుతుంది. రంపంతో కోసి, మూలమట్టం ఆనించి చూసుకుంటూ ఆకురాయితో దిద్దండి. మన వానాకాలంలో ప్లైవుడ్ తేమ పీల్చుకోకుండా రెండు పూతలు వార్నిష్ వేసి, దిమ్మలు అతికే గూళ్లను మాత్రం పూత లేకుండా ఉంచండి.