థ్యాంక్స్‌గివింగ్ టర్కీ: మొత్తంగా కాల్చాలా, ముక్కలు కొట్టి వండుకోవాలా?

గుంటూరు_కారం (ఆదివారం ఉదయం)
పోయినేడాది ఇక్కడ అమెరికాలో థ్యాంక్స్‌గివింగ్ పండగకి 14 పౌండ్ల టర్కీ కోడి తెచ్చి ఓవెన్‌లో నాలుగు గంటలకు పైగా కాల్చాను. పైన రంగు చూస్తే ఫొటోకి పెట్టినట్టుంది, కోసి రొమ్ము ముక్క నోట్లో వేసుకుంటే ఒట్టి పీచు. అప్పుడు మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. మర్యాదకి ఒక ముక్క తిని, "రసం ఉందా అమ్మా" అని అడిగారు, అంతే. తిట్టినా ఇంతకన్నా బాగుండేది. ఈ గురువారం పన్నెండు మంది వస్తున్నారు. ముక్కలు కొట్టేసి తొడలు ఇగురు, రొమ్ము బిర్యానీ చేద్దామని నేను, బల్ల మధ్యలో పక్షి మొత్తం ఉంటేనే పండగ అని మా ఆయన. రెండు రోజుల నుంచి ఇంట్లో ఇదే గొడవ. మీరెలా చేస్తారు?

ఎడిసన్_బాబాయ్
నేను మీ ఆయన పార్టీ. ఇగురు పెట్టడానికి టర్కీ ఎందుకమ్మా, హలాల్ షాపుకెళ్లి ముదురు కోడి తెచ్చుకోండి, ఇగురులో టర్కీ దాని కాలిగోటికి కూడా సరిపోదు. మా పిల్లలు ఏడాది మొత్తంలో వంటింట్లోకొచ్చి నిలబడి చూసేది ఆ ఒక్కరోజే. మీ పొరపాటు ఓవెన్‌ది కాదు, గడియారం చూసి వండటం. ఉడికిందని చూపడానికి పక్షికి గుచ్చి ఉండే ప్లాస్టిక్ బొత్తాం పైకి లేచేదాకా ఆగి ఉంటారు, అది లేచేసరికి రొమ్ము పని అయిపోతుంది. ఒక థర్మామీటర్ కొనుక్కోండి. ఇక్కడి వ్యవసాయ శాఖ చెప్పే లెక్క మాంసం లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్, ఎముకకు తగలకుండా గుచ్చి చూడాలి. ఓవెన్ 325లో పెట్టి, చర్మం కింద వెన్న రాసి, రొమ్ము రంగు తిరగ్గానే దాని మీద మాత్రం ఫాయిల్ కప్పండి. కిందకి దించాక అరగంట ముట్టుకోవద్దు, వెంటనే కోస్తే రసమంతా చెక్క మీదే పోతుంది.

పెరటి_పొయ్యి
బాబాయ్ గారు సగమే చెప్పారు. 165 దాటితే రొమ్ము ఎండిపోతుంది, తొడేమో 175 పైకి పోతే గానీ మెత్తబడదు, పొద్దస్తమానం నడిచే కాళ్లు కదా, జిగురంతా కరగాలి. పక్షిని మొత్తంగా అలాగే పెడితే ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి? అందుకే నేను వెన్నెముక తీసేస్తాను. పక్షిని బోర్లా పెట్టి, గట్టి కత్తెరతో తోక దగ్గర నుంచి మెడ దాకా ఎముకకు అటూ ఇటూ కత్తిరించాలి (చెయ్యి నొప్పి పుడుతుంది, ముందే చెప్తున్నా), తర్వాత వెల్లకిలా తిప్పి రెండు చేతులతో రొమ్ము మీద బలంగా నొక్కితే టక్కుమని విరిగి పుస్తకం తెరిచినట్టు పరుచుకుంటుంది. 425లో పెడితే 12 పౌండ్లది గంటన్నరలో అయిపోతుంది. కాళ్లు అంచులకు ఉంటాయి కాబట్టి వేడి వాటికి ఎక్కువ తగులుతుంది. బల్ల మీద మొత్తం పక్షే ఉంటుంది, కాస్త చతికిలబడి ఉంటుంది అంతే. మీ ఇద్దరికీ రాజీ.

నూనె_మూకుడు
ఇవన్నీ ఎందుకు బ్రో, పల్లీ నూనెలో వేయించెయ్యండి. 350లో పౌండుకు మూడున్నర నిమిషాలు, 12 పౌండ్లది ముప్పావు గంట కూడా పట్టదు. ఆ చర్మం తింటే ఓవెన్ మొహం చూడరు.

పెరటి_పొయ్యి
మూడు నాలుగు గ్యాలన్ల నూనె పండగయ్యాక ఏం చేస్తున్నారో అది కూడా చెప్పండి అన్నా. లోపల ఐసు కరగని పక్షిని కాగే నూనెలో దించితే ఏమవుతుందో ఏటా నవంబర్‌లో ఫైర్ డిపార్ట్‌మెంట్లు వీడియోలు తీసి చూపిస్తాయి, ఇంటి కప్పు ఎత్తున మంట. మీ ఫ్రెండ్స్ ఎవరైనా అపార్ట్‌మెంట్ బాల్కనీలో చేద్దామంటే మాత్రం ఆపండి.

నూనె_మూకుడు
ఇంటికి దూరంగా, ఖాళీ జాగాలో, తడి లేకుండా తుడిచి చెయ్యాలి, నిజమే. గిన్నెలో ముందు పక్షిని పెట్టి నీళ్లు పోసి చూసుకుంటే నూనె ఎంత పొయ్యాలో తెలుస్తుంది, తర్వాత రెండింటినీ బాగా ఆరబెట్టాలి. నూనె వడగట్టి మళ్లీ వాడతా. రెండో వాడకంలో గారెలు చేస్తే మా ఆవిడ ఇంట్లోకి రానివ్వలేదు, అది వేరే కథ.

పసుపు_కుంకుమ
అసలు ఎవరూ కడగడం గురించి మాట్లాడరేంటి? పసుపు, ఉప్పు వేసి నాలుగు నీళ్లలో కడగకుండా ఎలా తింటారు అక్కా?

ఎడిసన్_బాబాయ్
కడగొద్దనే ఇక్కడి సలహా. సింకులో చిమ్మే నీళ్లతో క్రిములు చుట్టుపక్కల గిన్నెలకు అంటుకుంటాయి, పైగా తడి చర్మం కరకరలాడదు. మా ఆవిడ మాత్రం కడుగుతుంది. ముప్పై ఏళ్లుగా చెప్తున్నా. ఇంకోటి, లోపల ఒక చిన్న సంచి ఉంటుంది, గుండె, కందనకాయ అందులో పెడతారు, మొదటిసారి దాన్ని తియ్యకుండానే కాల్చాను.

గుంటూరు_కారం
కందనకాయ వేపుడు మా ఆయనకి ప్రాణం, మీరు దాన్ని కాల్చేశారా! సరే, వెన్నెముక పద్ధతి నచ్చింది. కానీ మసాలా? ఉత్తి ఉప్పు, మిరియాలు అంటే మా వాళ్లు ఒప్పుకోరు. పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం రాత్రంతా పట్టిస్తే?

పెరటి_పొయ్యి
మసాలా లోపలికి దిగదండీ, అంత మందం కండ. దిగేది ఉప్పే. తడి తుడిచి, చర్మం కిందా పైనా ఉప్పు రాసి ఫ్రిజ్‌లో మూత లేకుండా ఒక రాత్రి ఉంచండి. కాకపోతే కవర్ మీద చదువుకోండి, చాలావాటికి ఉప్పు నీళ్లు ముందే ఎక్కించి అమ్ముతారు, దానికి మళ్లీ రాస్తే తినలేరు. పెరుగు పైన పూస్తే 425లో మాడుతుంది. నేను వెన్నలో కారం, ధనియాల పొడి, వెల్లుల్లి కలిపి చర్మం కింద పెడతాను. తీసిన వెన్నెముక, మెడ కలిపి మరగబెట్టి, ఆ నీళ్లతోనే చింతపండు వేసి పులుసు పెట్టండి, మీ అత్తగారికి రసం లోటు కూడా తీరుతుంది.

పసుపు_కుంకుమ
పులుసు ఆలోచన బాగుంది, పక్షి ఎవరికి కావాలి ఇక.

ఎడిసన్_బాబాయ్
అమ్మా, అసలు ప్రశ్న అడగడం మర్చిపోయాం. మీ టర్కీ ఇప్పుడెక్కడుంది? ఫ్రిజ్‌లో కరగడానికి నాలుగైదు పౌండ్లకు ఒక రోజు పడుతుంది.

గుంటూరు_కారం
గరాజ్ ఫ్రీజర్‌లో ఉంది బాబాయ్ గారూ, 13 పౌండ్లు, రాయిలా ఉంది. ఇప్పుడే ఫ్రిజ్‌లోకి మార్చా. బుధవారానికి కరిగితే ఆ రాత్రే ఉప్పు. కవర్ మీద చూశా, దీనికి ఉప్పు నీళ్లు ఎక్కించలేదు. పెరుగు డబ్బాలు, దోసె పిండి గిన్నె కౌంటర్ మీద ఉన్నాయి, వాటిని ఎక్కడ పెట్టాలని మా ఆయన అడుగుతున్నారు. పక్షి మొత్తం కావాలన్నది ఆయనే కాబట్టి ఆయన్నే చూసుకోమన్నా.